‘చెక్’ అనే ఒక్క మాట: రాజు నుంచి చెక్కు దాకా

 

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క మాట మీద. పెద్ద మాటేం కాదు, రెండక్షరాలు. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా మనం ఎన్నిసార్లు వాడతామో లెక్క కూడా ఉండదు. ‘చెక్’.

ఫోన్ చెక్ చేస్తాం. బ్యాలెన్స్ చెక్ చేస్తాం. హాస్పిటల్‌కి వెళ్తే చెకప్. హైవే మీద చెక్‌పోస్ట్. రైల్లో టికెట్ చెకింగ్. హోటల్లో చెక్-ఇన్, మర్నాడు చెక్-అవుట్. ఊరి వాగు మీద కట్టేది చెక్ డ్యామ్. పండక్కి కొనుక్కునేది చెక్స్ షర్ట్. బ్యాంకు వాళ్ళు పుస్తకంలా కుట్టి ఇచ్చేది చెక్కు. చెస్‌లో రాజు మీదకి వస్తే చెక్. ఇవన్నీ ఒక ఎత్తు, మన న్యూస్ సైట్ల హెడ్డింగులు ఒక ఎత్తు. ‘మొటిమలకు చెక్ పెట్టండిలా’, ‘జుట్టు రాలడానికి వంటింట్లోనే చెక్’, ‘ప్రత్యర్థికి చెక్ పెట్టిన నేత’. రోజుకి పది కనిపిస్తాయి.

ఇవన్నీ ఒకే మాటా? పేరు కలిసిన వేరే వేరే మాటలా? నేనైతే చాలా కాలం వేరే వేరే అనే అనుకున్నాను. గళ్ళ చొక్కాకీ, బ్యాంకు కాగితానికీ, వాగు మీద గోడకీ సంబంధం ఏముంటుంది చెప్పండి? కానీ ఉంది. ఇవన్నీ ఒకే చెట్టు కొమ్మలు. పైగా ఆ చెట్టు ఇంగ్లీషు చెట్టు కాదు. దాని వేరు పారశీక భాషలో ఉంది. ఆ వేరుకి అర్థం ‘రాజు’.

ఒక చిన్న జాగ్రత్త ముందే చెప్పేస్తాను. శిల్పం చెక్కడం, మామిడికాయ చెక్కు తీయడం, బల్ల చెక్క, ‘చెక్కు చెదరలేదు’ అనడం, ఇవన్నీ అచ్చ తెలుగు. వాటికీ ఈ కథకీ ఏ చుట్టరికమూ లేదు. ‘చెక్కు చెదిరింది’ అని నవ్వుకోవాలనిపిస్తే నవ్వుకోండి, నేనూ ఒకప్పుడు నవ్వాను. తర్వాత ఆ నవ్వు ఎందుకు పోయిందో చివర్లో చెప్తాను. మా ఇంట్లో జరిగిన విషయం అది. అసలు ఈ మాట వెంట నేను పడ్డది కూడా అందుకే.

సరే, మొదటి నుంచి వద్దాం.

చదరంగం మన దగ్గర పుట్టిందన్న సంగతి మీకు తెలుసు. గుప్తుల కాలం చివర్లో, అంటే సుమారు 6వ శతాబ్దంలో, ఉత్తర భారతంలో ఆడిన ఆట పేరు చతురంగం. చతుర్ అంటే నాలుగు, అంగం అంటే భాగం. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం, ఈ నాలుగూ కలిస్తే సైన్యం. బోర్డు మీద పెట్టింది ఆ సైన్యాన్నే. ఆ చతురంగమే మన నోట్లో చదరంగం అయింది.

ఈ ఆట ఇక్కణ్ణుంచి పారశీక దేశం వెళ్ళింది, అంటే ఇప్పటి ఇరాన్. దీని మీద వాళ్ళకో కథ కూడా ఉంది. మన దేశపు రాజు ఒకాయన బోర్డూ పావులూ పంపించి, ‘ఇదేం ఆటో కనిపెట్టండి చూద్దాం, లేదంటే కప్పం కట్టండి’ అన్నాడట. ఖుస్రూ అనే చక్రవర్తి మంత్రి బుజుర్గ్‌మెహర్ ఆ చిక్కు విప్పాడట. ఫిర్దౌసీ షానామాలో ఈ కథ ఉంది. నిజంగా జరిగిందని కాదు, కథ. కానీ ఆట ఎటు నుంచి ఎటు వెళ్ళిందో ఆ కథకి బాగా గుర్తుంది.

వాళ్ళు చతురంగాన్ని ‘చత్రంగ్’ అన్నారు. 7వ శతాబ్దంలో అరబ్బులు పారశీకాన్ని గెలిచాక ఆట వాళ్ళ చేతికి వెళ్ళింది. అరబీలో ‘చ’ లేదు, ‘గ’ కూడా లేదు. అందుకని చత్రంగ్ కాస్తా ‘షత్రంజ్’ అయిపోయింది. హైదరాబాద్‌లో పాతబస్తీ పెద్దాయన్ని అడగండి, ఇప్పటికీ షత్రంజ్ అనే అంటాడు. చూశారా, మన మాటే ఒక రౌండ్ కొట్టి, వేరే చొక్కా వేసుకుని మళ్ళీ మన ఇంటికే వచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్. పారశీకంలో రాజుని ‘షా’ అంటారు. బోర్డు మీద రాజు పావు కూడా షానే. ఎదుటివాడి రాజు మీద దాడికి వచ్చినప్పుడు చప్పుడు చేయకుండా కూర్చోకూడదు, పైకి ‘షా!’ అని అనాలి. అంటే, ‘రాజా, చూసుకో!’ అని. అదొక హెచ్చరిక. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది. ‘షా’ అంటే ఓడిపోయావని కాదు. ఆపద వచ్చింది, ఇంకా టైముంది, ఏదో ఒకటి చెయ్యి అని.

ఆ తర్వాతది ‘షా మాత్’. ఇంగ్లీషులో చెక్‌మేట్ అయింది ఇదే. ‘మాత్’ అంటే అరబీలో చనిపోయాడని అర్థం కాబట్టి ‘రాజు చచ్చాడు’ అని కొందరు చెప్తారు. కాదు, పారశీకంలో ‘మాత్’ అంటే దిక్కుతోచక ఉండిపోవడం, కాబట్టి ‘రాజు ఇరుక్కుపోయాడు’ అని ఇంకొందరంటారు. నాకు రెండోదే సరిగ్గా అనిపిస్తుంది. చెస్‌లో రాజుని ఎప్పుడైనా చంపామా? చంపం. కదలడానికి చోటు లేకుండా చేస్తాం, ఆట అక్కడితో ఆగిపోతుంది.

ఈ ‘షా’ మనకి కొత్త మాట కూడా కాదు. గోల్కొండని ఏలింది ఎవరు? కుతుబ్ షాహీలు. 1591లో చార్మినార్ కట్టించింది ఎవరు? మహమ్మద్ కులీ కుతుబ్ షా. ఆ పేరు చివర ఉన్న షా, చెస్‌లో చెక్ రెండూ ఒకటే మాట. ఇంకా లోపలికి తవ్వితే, ప్రాచీన పారశీకంలో ఆ మాట ‘ఏలడం’ అనే ధాతువు నుంచి వచ్చింది. సంస్కృతంలో క్షత్రం, క్షత్రియ అనే మాటలు కూడా ఆ ధాతువు కుటుంబమే. అంటే ‘మొటిమలకు చెక్’ అని టైప్ చేసిన సబ్ ఎడిటర్‌కి తెలియదు గానీ, ఆయన మొటిమల ముందు నిలబడి ‘మహారాజా!’ అని కేకేస్తున్నాడన్నమాట.

అరబ్బుల నుంచి స్పెయిన్, ఇటలీల మీదుగా ఆట యూరప్‌కి చేరింది. అక్కడి పండితులు లాటిన్‌లో షాని ‘స్కాకుస్’ అని రాసుకున్నారు. పాత ఫ్రెంచి వాళ్ళ నోట్లో అది ‘ఎస్చెక్’ అయింది. ముందు ఆ ‘ఎ’ ఎక్కణ్ణుంచి వచ్చిందీ అంటే, మా నాయనమ్మ స్కూల్‌ని ‘ఇస్కూలు’ అనేది కదా, అదే కేసు. ‘స్క’తో మాట మొదలెట్టడం నోటికి కష్టం, ముందో అచ్చు తగిలిస్తే సులువు. ఫ్రెంచి వాళ్ళూ సరిగ్గా మా నాయనమ్మలాగే చేశారు. తర్వాత ఇంగ్లీషు వాళ్ళు ముందు తోక కత్తిరించి ‘చెక్’ చేసుకున్నారు. ఫ్రెంచిలో ‘ఎస్చెక్’కి బహువచనం ‘ఎస్చెస్’, దాని ముందు తోక కూడా కత్తిరిస్తే ‘చెస్’. అంటే చెస్ అనే మాటకి అసలు అర్థం ‘రాజులు’. అంతే.

రాజుకి చెక్ చెప్పగానే ఏమవుతుంది? నువ్వు వేసుకున్న ప్లాన్లన్నీ ఆగిపోతాయి. ముందు రాజు సంగతి చూసుకోవాలి. అలా ‘చెక్’కి ఇంగ్లీషులో ‘ఆపడం, నిలవరించడం’ అనే అర్థం వచ్చింది. వాగు నీళ్ళని పరుగెత్తకుండా ఆపేది చెక్ డ్యామ్. బండిని ఆపేది చెక్‌పోస్ట్. సివిక్స్ పుస్తకంలో ప్రభుత్వం గురించి చదివే ‘చెక్స్ అండ్ బ్యాలెన్సెస్’లో చెక్స్ కూడా ఇదే, ఒకరి అధికారాన్ని ఇంకొకరు నిలవరించడం. ఇక్కడి దాకా సులువే.

కానీ డబ్బు సంగతి? రాజు నుంచి బ్యాంకు దాకా ఎలా వచ్చాం? ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. కాస్త నెమ్మదిగా చెప్తాను.

ఇంగ్లాండ్, 12వ శతాబ్దం. మొదటి హెన్రీ రాజు. రాజ్యాన్ని జిల్లాలుగా పంచి ఒక్కోదానికి ఒక షెరీఫ్‌ని పెట్టారు. మన కలెక్టర్ లాంటి వాడు అనుకోండి. కలెక్టర్ అనే పేరు కూడా శిస్తు కలెక్ట్ చేసేవాడనే కదా వచ్చింది. షెరీఫ్ కూడా అంతే, జిల్లాలో రాజుకి రావాల్సిన డబ్బు వసూలు చేసి కట్టాలి. ఏడాదికి రెండుసార్లు, ఈస్టర్ పండక్కీ, సెప్టెంబర్ చివర్లో వచ్చే మైకల్‌మస్ పండక్కీ, వచ్చి లెక్క చెప్పాలి.

లెక్క ఎలా చెప్పాలి? అప్పట్లో వాళ్ళవి రోమన్ అంకెలు. మన దేశంలో పుట్టిన సున్నా, స్థానాల పద్ధతి అక్కడ ఇంకా ఆఫీసుల దాకా రాలేదు. రోమన్ అంకెల్లో కూడిక చేసి చూడండి ఒకసారి, ప్రాణం పోతుంది. పైగా వాళ్ళ డబ్బు 12 పెన్నీలకి ఒక షిల్లింగు, 20 షిల్లింగులకి ఒక పౌండు. అందుకని ఒక ఉపాయం చేశారు. పెద్ద బల్ల ఒకటి, సుమారు పదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. పైన పెట్టినవి జారిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు. దాని మీద గీతల నల్ల గుడ్డ పరిచారు. గీతల మధ్య నిలువు వరసలు. ఈ వరస పెన్నీలు, ఇది షిల్లింగులు, ఇది పౌండ్లు, ఇరవైలు, వందలు, వేలు. కట్టాల్సింది పైన బిళ్ళలతో పేరుస్తారు, కట్టింది కింద పేరుస్తారు. పై వరసలోంచి కింది వరసకి సరిపడా తీసేస్తే మిగిలింది బాకీ. అంత పెద్ద లెక్క చదువు రాని షెరీఫ్‌కి కూడా కళ్ళ ముందే కనిపిస్తుంది. మన పిల్లలు ఆడే అబాకస్ ఉంది చూడండి, దాన్ని మంచమంత చేసినట్టు.

ఈ వివరాలన్నీ ఎలా తెలుసంటే, ఆ ఖజానా అధికారే రాసిపెట్టాడు. రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అని, రెండో హెన్రీ దగ్గర కోశాధికారి. 1170ల చివర్లో గురువు, శిష్యుడు మాట్లాడుకుంటున్నట్టు ఒక పుస్తకం రాశాడు. ఆ ఆఫీసుకి ఆ పేరెందుకు వచ్చిందని శిష్యుడు అడుగుతాడు. ఆ బల్ల చూడ్డానికి చదరంగం బోర్డులా ఉంటుంది కాబట్టి అని గురువు చెప్తాడు. అక్కడితో ఆగడు. చదరంగంలో ఇద్దరు రాజుల మధ్య యుద్ధం జరిగినట్టే, ఈ బల్ల దగ్గర కూడా ప్రధానంగా ఇద్దరి మధ్య పోరు జరుగుతుంది, ఒకరు కోశాధికారి, ఒకరు లెక్క చెప్పడానికి కూర్చున్న షెరీఫ్ అంటాడు. ఎనిమిది వందల ఏళ్ళు దాటిన నాటి ఒక గవర్నమెంట్ ఆఫీసర్ తన డ్యూటీ గురించి ఇంత అందంగా రాసుకున్నాడంటే నాకు ముచ్చటేస్తుంది. బల్లకి అటువైపు కూర్చున్న షెరీఫ్‌కి మాత్రం అది ముచ్చట కాదు లెండి, చెమటలు.

పాత ఫ్రెంచిలో చదరంగం బోర్డుని ‘ఎస్చెకియే’ అనేవాళ్ళు. ఆ బల్లకీ అదే పేరు, ఆ ఆఫీసుకీ అదే పేరు. ఇంగ్లీషులో అది ‘ఎక్స్‌చెకర్’. బ్రిటన్‌లో ఆర్థిక మంత్రిని ఇప్పటికీ ఏమంటారు? చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్. అక్షరాలా చెప్పాలంటే చదరంగం బల్ల మంత్రి. మధ్యలో ఆ ‘ఎక్స్’ నిజానికి పొరపాటు. పాత ఫ్రెంచిలో ఉన్నది ‘ఎస్’. ఎక్స్‌చేంజ్ లాంటి మాటలు చూసి, ఇది కూడా లాటిన్ ‘ఎక్స్’ అనుకుని ఎవరో దిద్దారు. తెలిసినవాళ్ళు చేసిన తప్పు ఎంత గట్టిగా నిలబడుతుందో చూడండి.

ఆ బల్ల దగ్గర రసీదు ఏంటో తెలుసా? కర్ర. హేజెల్ అనే చెట్టు కర్ర మీద గంట్లు పెట్టేవాళ్ళు. వెయ్యి పౌండ్లకి అరచేయి మందం గంటు, వందకి బొటనవేలు మందం, ఇరవైకి చిటికెనవేలు, ఒక పౌండుకి బార్లీ గింజంత. తర్వాత కర్రని నిలువునా చీల్చి ఒక ముక్క డబ్బు కట్టినవాడికి, ఒక ముక్క ఆఫీసుకి. రేపు గొడవొస్తే రెండు ముక్కలూ కలిపి చూస్తారు. గంట్లు కలిస్తే నిజం, కలవకపోతే ఎవడో మోసం చేశాడు. ఎంత సింపుల్ సెక్యూరిటీయో చూడండి! మన పాలవాడు గోడ మీద గీతలు గీసేవాడు గుర్తుందా? ఆ గోడని రెండు ముక్కలు చేసి చెరొకటి పట్టుకెళ్ళినట్టు.

ఈ కర్రలు ఎంత గట్టి పిండాలంటే 1826 దాకా బతికాయి. ఆపేశాక బండ్ల కొద్దీ కర్రలు మిగిలిపోయాయి. 1834 అక్టోబర్ 16న లండన్‌లో ప్రభువుల సభ కింద ఉన్న పొయ్యిల్లో వేసి తగలబెట్టమన్నారు. పేదవాళ్ళకి వంటచెరకుగా ఇచ్చినా బాగుండేది, ఇవ్వలేదు. పొగ గొట్టాలు వేడెక్కి, మంటలంటుకుని, పార్లమెంట్ భవనం దాదాపు మొత్తం కాలిపోయింది. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే పార్లమెంట్, బిగ్ బెన్ గడియారం, అన్నీ ఆ తర్వాత కట్టినవే.

ఇప్పుడు బ్యాంకు కాగితానికి వద్దాం. 17వ శతాబ్దంలో లండన్‌లో డబ్బున్నవాళ్ళు బంగారు వర్తకుల దగ్గర డబ్బు దాచుకునేవాళ్ళు. ‘ఫలానా ఆయనకి నా లెక్కలోంచి ఇంత ఇవ్వండి’ అని చీటీ రాసి పంపేవాళ్ళు. అలాంటి చీటీల్లో 1659 నాటిది ఒకటి ఇప్పటికీ ఉంది, 400 పౌండ్లకి రాసింది. కానీ అప్పటికి దాని పేరు చెక్కు కాదు.

మరి ‘చెక్’ అని దేన్ని అన్నారు? ఇక్కడ నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ముందు ‘చెక్’ అని పిలిచింది కాగితాన్ని కాదు, కౌంటర్ ఫాయిల్‌ని. చీటీ చించి ఇచ్చాక పుస్తకంలో మన దగ్గర మిగిలిపోయే ముక్క ఉంటుంది చూడండి, దాన్ని. ఎవరైనా దొంగ చీటీ పట్టుకొస్తే, ఆ ముక్కతో కలిపి చూసి ఆపొచ్చు. మోసాన్ని ఆపేది కాబట్టి చెక్. చీల్చిన కర్ర ఐడియానే, కాగితం మీదకి వచ్చింది. రాను రాను ఆ పేరు చేతికిచ్చే కాగితానికే అంటుకుంది. 19వ శతాబ్దంలో బ్రిటన్ వాళ్ళు స్పెల్లింగ్ చివర ‘క్యూ, యు, ఇ’ పెట్టారు, ఎక్స్‌చెకర్‌కి చుట్టంలా గొప్పగా కనిపించాలని. మనం వాళ్ళ దగ్గర నేర్చుకున్నాం కాబట్టి మనదీ అదే స్పెల్లింగ్. అమెరికా వాళ్ళు మాత్రం పాత ‘సి, కె’తోనే ఉండిపోయారు. అమెరికాలో ఎం.ఎస్. చేస్తున్న మీ కజిన్ హోటల్లో ‘చెక్ ప్లీజ్’ అంటే బిల్లు తెమ్మని. ఒకప్పుడు మన టిక్ మార్కుని కూడా వాళ్ళు చెక్ మార్కే అంటారని తెలియక ఒక ఆన్‌లైన్ ఫారంలో నేను అరగంట వెతికాను.

ఇలా ఒక కాగితాన్ని ఇంకో దాంతో కలిపి సరి చూడటం అలవాటయ్యాక, ‘చెక్’కి సరిచూడటం అనే అర్థం కూడా స్థిరపడింది. ఫోన్ చెక్ చేయడం, చెకప్, చెకింగ్, అన్నీ ఇక్కణ్ణుంచే.

మిగిలింది గళ్ళ గుడ్డ. ఇది సులువు. చదరంగం బోర్డు గళ్ళు కాబట్టి ఏ గళ్ళ గుడ్డయినా చెకర్డ్, పొట్టిగా చెక్స్. కానీ దీని గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకెళ్ళలేను, ఎందుకంటే మాది చీరాల పక్క. ప్రపంచంలో మద్రాస్ చెక్స్ అని పేరుపడ్డ గళ్ళ గుడ్డ మద్రాసు ఓడరేవు నుంచి వెళ్ళింది కాబట్టి ఆ పేరు. దాన్ని నేసిన మగ్గాల్లో మన చీరాల చుట్టుపక్కలవి ఎన్నో ఉన్నాయి. ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అనే పేరుతో అది పశ్చిమ ఆఫ్రికాకి వెళ్ళేది. నైజీరియాలో కలబరి అనే జాతి వాళ్ళు పెళ్ళికీ చావుకీ ఆ గుడ్డ లేకుండా ఉండరు. దాంట్లోంచి కొన్ని దారాలు కోసి లాగేసి, మన గళ్ళలోంచి వాళ్ళ సొంత డిజైన్లు తీస్తారు. కరీబియన్ దీవుల్లో సెయింట్ లూసియా లాంటి చోట్ల మద్రాస్ గళ్ళు జాతీయ దుస్తుల్లో భాగం. ఇది గర్వంగా చెప్పుకోవచ్చు, కానీ సగమే. ఆ రోజుల్లో యూరప్ వర్తకులు ఆఫ్రికాలో మనుషుల్ని కొనడానికి ఇచ్చిన సరుకుల్లో మన దేశపు గుడ్డలు కూడా ఉన్నాయి. నేసినవాడికి అది ఎవరి మెడకి చుట్టుకుందో తెలియదు.

సరే, ఇక మా ఇంటి సంగతి.

మా తాత మగ్గం మీద రుమాళ్ళు నేశాడు. మా నాన్న నేత మానేసి లుంగీలు, తువ్వాళ్ళు అమ్మే చిన్న కొట్టు పెట్టాడు. సరుకు కోసం ఒక ఫైనాన్స్ ఆయన దగ్గర 60,000 రూపాయలు తీసుకున్నాడు. ఆయన ప్రామిసరీ నోటుతో పాటు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు రెండు అడిగాడు. ‘ఊరికే, సెక్యూరిటీకి’ అన్నాడు. ఈ ‘ఊరికే’ అనే మాట మీరెక్కడ విన్నా చెవులు రిక్కించండి. నాన్న ఇచ్చేశాడు. అందరూ ఇస్తారు కదా అని. చాలా వరకు కట్టాడు కూడా, కట్టినదానికి చాలావాటికి కాగితం లేదు. తర్వాత మాటా మాటా వచ్చింది. ఆ ఖాళీ చెక్కులో ఒకదాని మీద రెండు లక్షలు అని రాసుకుని బ్యాంకులో వేశాడు. నాన్న అకౌంట్‌లో అంత ఎందుకుంటుంది? బౌన్స్.

కొన్నాళ్ళకి రిజిస్టర్డ్ పోస్టులో లాయర్ నోటీసు వచ్చింది. 2014 అది, నేను బీటెక్ రెండో ఏడాది, సెలవులకి ఇంట్లోనే ఉన్నాను. పక్కింటి బాబాయ్, ‘అన్నయ్యా, అది తీసుకున్నావంటే ఇరుక్కున్నట్టే, తీసుకోవద్దు’ అన్నాడు. నాన్న పోస్ట్‌మ్యాన్‌తో ‘వద్దులే బాబూ, వెనక్కి పంపెయ్’ అన్నాడు. నేను పక్కనే నిలబడి ‘చెక్కు చెదిరింది నాన్నా’ అని జోకేశాను. ఇందాక చెప్పిన నవ్వు అదే. నాన్న కూడా నవ్వాడు. ఆ కవరు వెనక్కి వెళ్ళిపోయింది, మేం గెలిచామనుకున్నాం.

మీలో చాలామందికి ఇది తెలియకపోవచ్చు, అందుకే వివరంగా చెప్తాను. మన చెక్కులకి చట్టం 1881 నాటిది, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్. చెక్ బౌన్స్‌ని నేరం చేసిన సెక్షన్ 138 మాత్రం తర్వాత చేర్చింది, 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మీదున్న మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. కానీ చెక్కు బౌన్సవగానే నేరం అయిపోదు. బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు అవతలివాడు మనకి నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక మనకి 15 రోజులు టైముంటుంది. ఆ 15 రోజుల్లో కట్టేస్తే నేరమే లేదు. ఆ మొత్తం తప్పని మనం అనుకుంటే, రాతపూర్వకంగా జవాబివ్వడానికి కూడా అదే సమయం. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపితే అందలేదని అనుకోరు, అందినట్టే లెక్క. 15 రోజులూ మన తలుపు బయటే గడిచిపోతాయి.

అంటే ఆ నోటీసు ఏంటి? ‘షా!’ అనే కేక. రాజా, చూసుకో, ఇంకా టైముంది అని. చెస్‌లో చెక్ చెప్పాక మూడు దార్లుంటాయి. రాజుని జరపొచ్చు, మధ్యలో ఇంకో పావు అడ్డం పెట్టొచ్చు, మీదకొచ్చిన పావునే తీసేయొచ్చు. లేనిది ఒక్కటే, విననట్టు ఊరుకోవడం. రూల్సే ఒప్పుకోవు. మేం సరిగ్గా అదే చేశాం.

కోర్టు సమన్లు వచ్చాయి. మూడేళ్ళు వాయిదాలు. వాయిదా ఉన్న రోజు కొట్టు మూత. నాన్న ఆ మూడేళ్ళలో ముసలాడైపోయాడు. మా ప్లీడరు గారు ఫైలు చూసి మొదటి రోజే అన్నారు, ‘ఏమండీ, ఆ నోటీసు తీసుకుని, ఇంత అప్పు కాదు, ఇంత కట్టాను అని ఒక్క కాగితం రాసి పడేసి ఉంటే ఇప్పుడు నా చేతిలో ఏదైనా ఉండేది కదండీ’ అని. నాన్న నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు. చివరికి లోక్ అదాలత్‌లో 90,000కి రాజీ అయింది. అది ఎలా కట్టామన్నది ఇంకో కథ.

‘చెక్కు మీద నేను రాసింది సంతకం ఒక్కటే కదా, అంకె ఆయన రాసుకున్నదే కదా’ అని నాన్న అడుగుతూనే ఉండేవాడు. ఆ మాట కోర్టులో నిలబడటం చాలా కష్టం. తర్వాత 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, మనంతట మనం సంతకం చేసి ఖాళీ చెక్కు చేతికిస్తే, అది బాకీ కోసమే ఇచ్చినట్టు చట్టం అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది సంతకం పెట్టినవాళ్ళే అని. కాబట్టి మీ ఇంట్లో నాన్నగారో, మావయ్యగారో ఇలా ఎక్కడైనా ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే ఈ రోజే ఒక మాట అడగండి. అప్పు తీరిపోయి ఉంటే చెక్కులు వెనక్కి తీసుకోండి. నోటీసేదైనా వస్తే సంతకం పెట్టి తీసుకోండి, ఆ కవరు మీద తేదీ రాసుకోండి, అదే రోజు ఎవరైనా లాయర్‌కి చూపించండి.

ఈ ఎపిసోడ్ కోసం కౌంటర్ ఫాయిల్ సంగతి చదువుతున్నప్పుడు ఇంటికి ఫోన్ చేశాను. ‘నాన్నా, ఆ పాత చెక్ బుక్ ఉందా?’ అని. బీరువాలో బట్టల కింద ఉందట. అమ్మ ఫొటోలు తీసి పంపింది. కరెంటు బిల్లు కట్టిన చెక్కు ముక్క మీద పేరు, తేదీ, అంకె అన్నీ ఉన్నాయి, నాన్న ముత్యాల్లాంటి అక్షరాలు. సరుకు వ్యాపారికి ఇచ్చినదాని మీదా ఉన్నాయి. ఆ తర్వాత రెండు ముక్కలు ఉన్నాయి. అసలైన ‘చెక్’ అంటే ఏ ముక్కో, అవతలివాడి మోసాన్ని ఆపాల్సింది ఏ ముక్కో, ఆ రెండూ. వాటి మీద ఏమీ రాసి లేదు.